చెరిపే హక్కు ఎవరిది?

పాత సంచికలన్నీ కలిపి సంపుటాలుగా తెద్దామనుకుంటున్న సంగతి కిందటి సంచికలో నాలుగు లైన్లలో రాశాం. ఆ ప్రకటన చూసి ముందస్తు చందాలొస్తాయని ఎదురుచూశాం. చందాలకన్నా ముందు ఉత్తరాలొచ్చాయి. నాలుగు ఉత్తరాలు. నాలుగింటిలోనూ కోరిక ఒక్కటే. "నేనప్పుడు రాసింది ఆ పుస్తకంలో వెయ్యొద్దు. తీసెయ్యండి."

ముందు కోపమొచ్చింది మాకు. దాచటం ఎందుకు? ఒక్కో సంచిక బయటికి రావటానికి ఎన్ని తిప్పలు పడ్డామో మాకు తెలుసు. కాగితం అప్పు, ప్రెస్సు అప్పు, పోస్టాఫీసు దాకా కట్టలు మోసిన సైకిలు కూడా అప్పే. అంత కష్టపడి అచ్చేసిన మాటని ఇప్పుడు తీసెయ్యమంటారా అని అనబోయాం. ఉత్తరాలు రెండోసారి చదివాక నోరు రాలేదు. నలుగురూ అడిగింది ఒకటే గానీ, నలుగురూ ఒకటి కాదు.

ఒకాయన వ్యవసాయ కూలీ. పదిహేనేళ్ళ కిందట తన ఊరి టీ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి సొంత దస్తూరీతో రాసి పంపాడు. రెండో ఆమె మన ఆడబిడ్డ. తనమీద జరిగిన అఘాయిత్యాన్ని తన పేరుతోనే అచ్చెయ్యమని పట్టుబట్టి చెప్పిన మనిషి. మూడో ఆయన ఇవాళ పదిమందికి తెలిసిన నాయకుడు. దండోరా రోజుల్లో మా పేజీల్లోనే నిప్పులు కురిపించాడు. నాలుగో ఆయన మనవాడు కాదు, మన మేలు కోరేవాడు. ఆయన సంగతి తర్వాత.

సంపాదకవర్గంలో రెండు రాత్రులు వాదన జరిగింది. మాలో ఒకరన్నారు: "మాట ఎవరిదో వాళ్ళదే. ఇవ్వటం వాళ్ళిష్టమైతే తీసుకోవటమూ వాళ్ళిష్టమే. కాదనటానికి మనమెవరం? మనం కూడా దొరలమా?" ఇంకొకరు లేచారు: "అచ్చయ్యాక అది ఒక్కడి సొత్తు కాదు. దాన్ని చదివి ఇంకో పదిమంది రాశారు. వాడొచ్చి ఇటిక పీక్కుపోతే గోడేంగావాలి?" ఇద్దరూ మనవాళ్ళే, ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే ఈ సంపాదకీయం.

కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమని సామెత. ఎవరు చేశారోగానీ ఇది మనకి చెప్పినంతగా వాళ్ళకి చెప్పలేదు. దొర నోరు ఎన్నిసార్లు జారినా తీసుకునేవాడు. నిన్న ఇస్తానన్న గింజలు ఇవాళ ఇయ్యననేవాడు, పొద్దున మాట్లాడిన కూలి సాయంత్రానికి తగ్గించేవాడు. మన తాత ఒకసారి నీలి వేలిముద్ర వేస్తే మాత్రం అది కొడుకు మీదికీ, మనవడి మీదికీ దిగేది. చదువురాని వేలికి వెనక్కి తీసుకునే వీలు లేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి, వెట్టికి కట్టేసిన ఆ బాకీలు చెల్లవు అన్నప్పుడు, కాగితం మీదయినా ఆ వేలిముద్రలు మొదటిసారి చెరిగాయి. ఊళ్ళో చెరగటానికి ఇంకెన్నేళ్ళు పట్టిందో మీకు మేం చెప్పక్కర్లేదు. కాబట్టి చెరపటం అన్నది ఎప్పుడూ చెడ్డదేనని మేం అనం. చెరుపుడుగుడ్డ ఎవరి చేతిలో ఉందన్నదే మా ప్రశ్న.

కూలన్న ఉత్తరం తీసుకోండి. అప్పట్లో ఆయన రాసింది ముప్పై లైన్లు. హోటలు చూరు కింద గూట్లో మనవాళ్ళ గ్లాసులు వేరే ఉండేవి. తాగినవాడే కడిగి బోర్లించి, డబ్బులు బల్ల మీద పెట్టి పోవాలి. ఆయన పేరు, ఊరి పేరు, హోటలు పేరు అన్నీ వేశాం. తర్వాత మావాళ్ళు నలుగురు వెళ్ళి, అక్కడే టీ తాగి, కళ్ళారా చూసి నివేదిక రాశారు. అదీ అచ్చయింది. కొన్నాళ్ళకి హోటలువాడు గ్లాసులు మానేసి అందరికీ వాడిపారేసే కప్పులు పెట్టాడు. అంటరానితనం పోయిందని కాదు, గిన్నె మారిందంతే.

ఇప్పుడాయన కొడుకు ఆ హోటలు యజమాని తమ్ముడి దగ్గర ఎకరన్నర కౌలుకి చేస్తున్నాడు. ఎవరో పుణ్యాత్ముడు ఆ పాత పేజీని ఫోనులో ఫొటో తీసి ఊరంతా తిప్పాడు. పదిహేనేళ్ళ నాటి కాగితం కొత్తగా నిన్న రాసినట్టు చేతులు మారింది. కూలన్న ఉత్తరంలోని మాటలు ఆయన అనుమతితోనే వేస్తున్నాం: "అయ్యా, నేను రాసింది అబద్ధం కాదు. కానీ కౌలు పోద్ది. పిల్లోడు నన్ను తిడతన్నాడు. నా కాయితం తీసెయ్యండి."

ఇట్లాంటివాణ్ణి కోర్టు భాషలో 'హాస్టయిల్' అంటారు. మన భాషలో ప్లేటు ఫిరాయించాడంటారు. అట్రాసిటీ కేసులు నడిపిన ప్రతివాడికీ ఈ బాధ తెలుసు. స్టేషన్లో ఇచ్చిన వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, చట్టమే వద్దంది. కోర్టులో బోనెక్కి "నేనట్లా చెప్పలేదండీ" అంటే, ఆ పాత వాంగ్మూలం అతని మాటని అతనితోనే కొట్టించటానికి తప్ప నేరం రుజువుకి పనికిరాదు. మేజిస్ట్రేటు ముందు చెప్పి సంతకం పెట్టినదైతే ఇంకాస్త బరువు. కానీ అది కూడా బోనులో చెప్పినదానికి సాటి రాదు. 2024 జూలై 1 నుంచి పాత నేరస్మృతులు పోయి కొత్తవొచ్చాయి, సెక్షన్ల నంబర్లు మారాయి, పద్ధతి మాత్రం ఇదే. మాట మార్చినవాడి మీద అబద్ధపు సాక్ష్యం కేసు కూడా పెట్టొచ్చు. కానీ బోనెక్కటానికి ముందురోజు రాత్రి ఆ సాక్షి ఇంటికి ఎవరొచ్చారో, మంచం మీద కూచుని ఏం మాట్లాడారో, పోతూపోతూ పాకలో కట్టేసిన గేదె వంక ఎందుకు చూశారో ఏ వకీలూ అడగడు.

రక్షణ లేదని కాదు, కాగితం మీద ఉంది. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ చేసి 15ఎ అని చేర్చారు. బాధితుల్ని, సాక్షుల్ని బెదిరింపుల నుంచి కాపాడటం రాజ్యం బాధ్యతంది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతా పాటించాలని చెప్పింది. అన్నీ బాగున్నాయి. పోయిన కౌలు తిరిగి ఇప్పించే సెక్షను మాత్రం వాటిలో వెతికినా దొరకదు.

మరి మాట తీసుకోనివాళ్ళు లేరా? ఉన్నారు. చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పారేశారు. పల్లెకి పల్లె ఊరొదిలి తెనాలి చేరింది. ప్రత్యేక కోర్టు ఊళ్ళోనే పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007 జూలై 31న తీర్పొచ్చేదాకా పదహారేళ్ళు ఆ మాట మీదే నిలబడ్డారు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. ఆ సాక్ష్యాలు చాలవంటూ 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చెప్పినవాళ్ళు తమ మాట చెరపలేదు. పైకోర్టు చెరిపింది.

చుండూరు పల్లె అన్నేళ్ళు ఎట్లా నిలబడగలిగింది? కలిసి ఊరొదిలారు గనుక, ఒక్కడి కౌలు కాదు, ఒక్కడి కూలి కాదు, అందరిదీ ఒకేసారి పోయింది గనుక. ఒక్కణ్ణి విడదీసి రాత్రిపూట మంచం మీద కూచోబెట్టుకునే సందు శత్రువుకి తక్కువ దొరికింది. మన కూలన్న వెనకాల అట్లాంటి పల్లె లేదు. ఆయన వెనకాల ఉన్నది ఈ పదహారు పేజీల పత్రిక. చుండూరు జనంలా నిలబడలేదేమని ఆయన్ని అడిగే అర్హత మనకుందా? ఆ హోటలు మీద నివేదిక రాసి వచ్చాక ఆ ఊరికి మేం మళ్ళీ ఎన్నిసార్లు పోయాం? సిగ్గుపడుతూ చెప్తున్నాం, ఒక్కసారి.

సరే, అడిగినవాళ్ళందరివీ తీసేద్దామంటే ఇంకో గొయ్యి ఉంది. ఈ పత్రికలో అచ్చయింది అడిగితే పోతుందని ఊళ్ళో పెత్తందారుకి ఒకసారి తెలిసిందనుకోండి. రేపట్నించి వాడు మామీదికి రాడు, కేసు పెట్టడు, వకీలుకి పైసా ఖర్చు పెట్టడు. తిన్నగా రాసినవాడి ఇంటికి పోతాడు. "నువ్వే ఉత్తరం రాయి, వాళ్ళు తీసేస్తారు" అంటాడు. పేదవాడి రక్షణ కోసం మనం పెట్టుకున్న దొడ్డిదారి పెత్తందారుకి రాజబాట అవుతుంది. తీసుకునే హక్కు ఇచ్చిన చోటల్లా తీసుకోమని మెడ మీద కత్తి పెట్టే వీలు కూడా ఇచ్చినట్టే. పోనీ ఎవరికీ ఇవ్వకపోతే రేపు ఏ కూలీ కలం పట్టుకోడు. ఈ రెండింటి మధ్యా నలిగాం మేం.

చివరికి మాకు తోచిన దారి ఇది. పేరు చెప్పినవాడిది. దాన్ని ఎప్పుడడిగినా, కారణం అడక్కుండా తీసేస్తాం. జరిగిన సంగతి మాత్రం ఆయనొక్కడిది కాదు. మావాళ్ళు వెళ్ళి చూశారు, టీ తాగారు, రాశారు. కాబట్టి కూలన్న ముప్పై లైన్లు సంపుటంలో ఉండవు. ఆ సంగతి మా నివేదికగా, మా పేరుతో ఉంటుంది. ఇక కోపమొచ్చినవాడు మామీదికి రావాలి. చూరు కింద ఆ గ్లాసుల్ని చూసింది మేం, చెప్పేది మేం. చిన్న ఊళ్ళో పేరు తీసినంత మాత్రాన ఎవరో తెలియకుండా పోతుందా అని మీరడగొచ్చు. పోదు. కానీ "నీ పేరు అచ్చులో ఉంది కదరా" అని నిలదీసే ఆధారం ఒకటి పోతుంది. మేం వెళ్ళి చూడని సంగతులు, ఒక్క మనిషి మాట మీదే ఆధారపడి వేసినవి ఇంకా ఉన్నాయి. అట్లాంటివి రాసినవాళ్ళు అడిగితే మొత్తం తీసేస్తాం. తీసిన చోట ఖాళీ వదిలి, 'రాసినవారి కోరిక మీద తీసేశాం' అని ఒక్క లైను వేస్తాం. ఖాళీ కూడా ఎంతోకొంత చెప్తుంది.

ఆ మాత్రం మర్యాద చట్టసభలు కూడా పాటిస్తాయి. సభలో అనరాని మాట అంటే స్పీకరు రికార్డుల్లోంచి తొలగించమంటాడు. లోక్‌సభ నియమాల్లో 380వ నియమం అది. తొలగించిన చోట చుక్కలు పెట్టి, అధ్యక్షుడి ఆదేశం మీద తొలగించామని కింద వేస్తారు. ఏం పోయిందో తెలియకపోయినా ఏదో పోయిందని చదివేవాడికి తెలుస్తుంది. చడీచప్పుడు లేకుండా తీసేసి, ఎప్పుడూ లేనట్టు పేజీ అతికించెయ్యటం వేరు. మనకి జరిగింది ఎప్పుడూ ఆ రెండోదే. మన పేర్లు, మన పాటలు, మన పోరాటాలు ఏ పుస్తకంలోంచి ఎప్పుడు పోయాయో చుక్కలు పెట్టి చెప్పినవాడు లేడు.

ఇక మన ఆడబిడ్డ సంగతి. ఇక్కడ చట్టం మనకన్నా ముందే మాట్లాడింది. అత్యాచారానికి గురైనవారి పేరు అచ్చెయ్యటం 1983 నుంచీ నేరం. ఆమె తనంతట తాను రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే వెయ్యొచ్చు. కొత్త న్యాయసంహితలోనూ అంతే. అప్పట్లో ఆమె రాసిచ్చింది. "తప్పు చేసినోడు తలెత్తుకు తిరుగుతుంటే నా పేరు నేనెందుకు దాచుకోవాలి?" అని కొట్టినట్టు అడిగింది. ఆ మాట మాలో చాలామందికి పాఠం. ఆమె రాసింది చదివి, వేరే జిల్లాల నుంచి ముగ్గురు ఆడవాళ్ళు తమ సంగతులు రాశారు, ఆమె పేరు తలుచుకుని మరీ.

ఇప్పుడు తీసెయ్యమన్న ఉత్తరం ఆమె దస్తూరీ కాదు. తీసుకొచ్చింది ఆమె తమ్ముడు. కూతురికి సంబంధం వచ్చింది, పాత సంగతి ఎత్తొద్దని. మాకు అనుమానం వచ్చింది. అడుగుతున్నది ఆమెనా, ఇంటి మగవాళ్ళా? మన పల్లెల్లోనూ మగవాడు మగవాడే. దొర చేసింది దౌర్జన్యం అని అరిచే నోళ్ళు, ఇంట్లో ఆడదాని నోరు మూసేటప్పుడు పరువు గురించి మాట్లాడతాయి. అందుకని మాలో ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి, తమ్ముణ్ణి బయట కూచోబెట్టి, ఆమెతో విడిగా మాట్లాడారు. ఏం చెప్పిందో తెలుసా? "తీసెయ్యండమ్మా. నేనే చెప్పమన్నా. నా పిల్ల పెళ్ళి అయ్యేదాకా తియ్యండి. ఆ తర్వాత సూద్దాం."

శాశ్వతంగా ఉండాలి, లేకపోతే శాశ్వతంగా పోవాలి అన్న లెక్కలో రెండు రాత్రులు వాదించుకున్నవాళ్ళం మేం. పెళ్ళయ్యేదాకా! మాకెవరికీ తట్టని దారి అది. మాట ఆమె వదులుకోలేదు, కాసేపు పైట కొంగున ముడేసుకుంది. ఆమె రాసింది మొత్తం సంపుటంలోంచి తీస్తున్నాం. మిగతా ముగ్గురి ఉత్తరాల్లో ఆమె పేరు వచ్చిన చోటల్లా తీసేసి 'ఒక అక్క' అని మారుస్తున్నాం. ఆ ముగ్గురినీ అడిగాం కూడా. ఇద్దరు సరేనన్నారు. మూడో ఆమె చిరునామా మారింది, ఉత్తరం తిరిగొచ్చింది. ఆమె తరఫున కూడా మేమే తేల్చేశాం, తప్పో ఒప్పో.

నాయకుడిగారి విషయంలో మాత్రం మేం వంగం. 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా మొదలైన తర్వాతి ఏళ్ళు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. వర్గీకరణ కావాలని ఒకరు, వద్దని ఒకరు. అన్నదమ్ములు పంపకాల దగ్గర మాట్లాడినట్టే మాట్లాడుకున్నారు, ఒక్కోసారి అంతకన్నా అన్యాయంగా. ఆయన రాసిన వ్యాసంలో వాదన పదునుగా ఉంది, దాంతోపాటు అన్న కులాన్ని పట్టుకుని అనకూడని మాటలు నాలుగున్నాయి. దానికి జవాబుగా రెండు వ్యాసాలు వేశాం. 2000లో చట్టం వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందంది. ఇప్పుడు రెండు కులాల వేదికల మీదా కూచోవాల్సి వచ్చేసరికి ఆ నాలుగు మాటలు ఆయనకి అడ్డమొస్తున్నాయి.

ఆయన మారాడు. మంచిదే. మారే హక్కు అందరికీ ఉంది. కానీ ఆయన వ్యాసం తీసేస్తే జవాబు రాసిన ఇద్దరూ గాలితో కుస్తీ పట్టినవాళ్ళలా మిగులుతారు. వాళ్ళలో ఒకాయన ఇప్పుడు లేడు. ఆయనొచ్చి "నన్నెందుకు పిచ్చివాణ్ణి చేశారు" అని అడగలేడు. ఒకరి మాటకి ఇంకొకరు బదులు చెప్పాక ఆ రెండూ ముడిపడిపోతాయి. ఒక పోగు లాగితే రెండోదీ ఊడుతుంది. పైగా ఆయనకి కౌలు పోయే బాధ లేదు, కూతురి పెళ్ళి ఆగే భయం లేదు. ఇబ్బంది ఉంది, అంతే. ఇబ్బందీ ఆపదా ఒకటి కాదు.

బాబాసాహెబ్ ఏం చేశాడో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 1936లో లాహోరు జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్ళు సభకి అధ్యక్షుడిగా పిలిచి, ప్రసంగపాఠం చూసి జడిసి, కొన్ని భాగాలు తీసెయ్యమన్నారు. ఆయన కామా కూడా మార్చనన్నాడు. సభే రద్దయింది. సొంత ఖర్చుతో కుల నిర్మూలన పుస్తకం వేసుకున్నాడు. ఇది అందరం వేదికల మీద చెప్పుకునే సంగతే. చెప్పుకోని సంగతి ఇంకోటుంది. 1937లో రెండో కూర్పు వేసినప్పుడు, తనని విమర్శిస్తూ గాంధీ హరిజన్‌లో రాసినది కూడా అదే పుస్తకంలో చేర్చాడు. పక్కన తన జవాబు పెట్టాడు. ఎదుటివాడి మాట చెరపలేదు, తన మాట చెరపలేదు. రెండూ చదివి తేల్చుకోమని మనకొదిలాడు.

ఆయన పోయాక ఆయన మాటనే చెరపబోయారు. 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం రిడిల్స్ ఇన్ హిందూయిజం అచ్చేస్తే, రాముడి మీదా కృష్ణుడి మీదా ఉన్న అనుబంధం తీసెయ్యాలని శివసేన వీధికెక్కింది. 1988 మొదట్లో దళితులు బొంబాయి వీధులు నింపారు. చివరికి ఆ భాగం ఉంచి, ఇందులోని అభిప్రాయాలతో ప్రభుత్వానికి ఏకీభావం లేదని గమనిక పెట్టారు. అక్కడ తియ్యమన్నది రాసినవాడు కాదు, కాబట్టి పోలిక అంతా కుదరదు. అయినా ఆ దారి ఈ నాయకుడికీ సరిపోతుంది. ఆయన వ్యాసం ఉంటుంది. "అప్పటి ఈ మాటల్తో నాకిప్పుడు ఏకీభావం లేదు" అని ఆయన ఎన్ని పేజీలు రాసిచ్చినా దాని పక్కనే వేస్తాం. ఇంతవరకూ రాసివ్వలేదు.

ఈ సందర్భంలోనే ఒక చట్టం సంగతి కూడా చెప్పాలి. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. తన సమాచారాన్ని తుడిపించుకునే హక్కు మనిషికుందని అందులో రాశారు. కూలన్నలాంటివాళ్ళకి అది అక్కరకొస్తే సంతోషమే. కానీ అదే చట్టం 44వ సెక్షనుతో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. అంతకుముందు వ్యక్తిగత సమాచారం అయినా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఆ క్లాజులో ఉండేది. దాన్ని తీసేశారు. ఇక మన పేరుమీద కాంట్రాక్టరు ఎత్తుకున్న కూలీ డబ్బులు ఎవరి చేతికి పోయాయో, మన స్కాలర్‌షిప్పు ఏ పేరున డ్రా అయిందో అడిగితే 'వ్యక్తిగతం' అని తలుపు మూసే వీలు పెరిగింది. ఇంకో క్లాజు మిగిలి ఉంది, దాన్ని పట్టుకుని పోరాడాలనుకోండి. పేదవాడి పేరు దాచటానికని తెచ్చిన గుడ్డతోనే దొంగ పేరు కూడా తుడిచేశారు. గుడ్డ ఎవరి చేతిలో ఉందని మేం పైన అడిగింది ఇందుకే.

నాలుగో ఉత్తరం గురించి ఎక్కువ రాయక్కర్లేదు. అభ్యుదయవాది, పెద్ద కులం, మంచి మనిషి. చుండూరు రోజుల్లో "దళితులు ఆవేశం తగ్గించుకోవాలి, కులం పేరుతో విడిగా సంఘాలు పెట్టుకుంటే వర్గపోరాటం దెబ్బతింటుంది" అని మాకు బుద్ధి చెప్తూ రాశాడు. ఇప్పుడు మన సభలకి ముఖ్య అతిథిగా వస్తున్నాడు. ఆ ఉత్తరం ఆయనకి సిగ్గనిపిస్తోందట. సిగ్గనిపించటం మంచి లక్షణం. ఉత్తరం ఉంటుంది.

ఇంతా రాసి మా గుట్టు దాచుకుంటే బాగుండదు. ఒకసారి మేమే చెరిపాం. చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న పుస్తకం రెండో ముద్రణ వేస్తున్నప్పుడు, కాగితానికి డబ్బిచ్చిన మిత్రుడొకాయన తన బంధువు పేరున్న పేరా నచ్చలేదన్నాడు. ఆ పేరా తీసేశాం. చుక్కలు పెట్టలేదు, గమనిక వెయ్యలేదు. ఎవరూ కనిపెట్టలేదు కూడా. ఆ పేరా రాసిన కుర్రాడు మాత్రం కనిపెట్టాడు. మళ్ళీ మాకు రాయలేదు. దండోరా వ్యాసంలోని ఆ నాలుగు మాటలు కొట్టెయ్యకుండా, పైగా రెచ్చగొట్టే హెడ్డింగు పెట్టి వేసింది కూడా మేమే. నాయకుడిగారి వ్యాసం ఉంటుందంటే మా హెడ్డింగు కూడా ఉంటుంది. మా సిగ్గు కూడా అచ్చులోనే ఉండాలి. తీసేసిన పేరా మొదటి ముద్రణ ప్రతి ఒకటి దొరికింది. దాన్ని రెండో సంపుటంలో పెట్టిన చోటే పెడుతున్నాం.

మొదటి సంపుటం పనులు సాగుతున్నాయి. మా పత్రికలో రాసినవాళ్ళు, చెప్పినవాళ్ళు ఎవరైనా పేరు తీసెయ్యాలనుకుంటే ఒక కార్డు ముక్క రాస్తే చాలు. కారణం చెప్పక్కర్లేదు. రాయటం రానివాళ్ళు దగ్గర్లో ఉన్న మా ఏజెంటుకి నోటితో చెప్పండి. మీరే చెప్తున్నారని తెలుసుకోవటానికి మా మనిషి ఒకరు మీ దగ్గరికి వచ్చి విడిగా మాట్లాడతారు, ఏమనుకోవద్దు. మొత్తం మాటే తియ్యాలంటే దాని మీద ఇంకెవరైనా బదులు రాశారా లేదా చూసి, మీతో మాట్లాడి తేలుస్తాం. పోయినవాళ్ళ తరఫున పిల్లలు రాస్తే ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. అట్లాంటిది ఒకటి ఈ వారమే వచ్చింది.

కూలన్నకి జవాబు రాశాం. వచ్చే నెలలో ముగ్గురం ఆ ఊరికి పోతున్నాం. మన అక్క కూతురి పెళ్ళి మాఘమాసంలో అంటున్నారు. శుభలేఖ పంపుతానంది. ఆమె రాసిన నాలుగు పేజీలు అట్టపెట్టెలో విడిగా కట్టిపెట్టాం.

జై భీమ్!